డ్రిల్లు మాస్టారి బోదెలో చమురు

“చమురు కాదని నేను ఒప్పుకోలేదండీ, మా హైమ ఒప్పించింది. రెండిటికీ చాలా తేడా ఉంది. పుల్లతో పొడిచి మరీ ఒప్పించింది. చదువుకున్న పిల్ల, దానికి తెలుసు, సరే. కానీ మొట్టమొదట చూసిన కళ్ళెవరివి? నావి. ఆ సంగతి మాత్రం ఎవరూ అడగరేంటో! ఇలా నీడలోకి జరగండి. కందకేం తొందర? భూమిలోనే ఉంటుంది. ఉండడమే దాని పని.”

మణిశంకర్ నీడలోకి జరిగాడు. రామచంద్రపురం అవతల తనకున్న కాస్త కొబ్బరితోటలో చెట్ల మధ్య కంద వేద్దామని, విత్తనం దుంపలు ఇక్కడ బాగుంటాయని ఎవరో చెబితే స్కూటరు వేసుకుని పొన్నలంక దాకా వచ్చినవాడు. తోటలో అడుగుపెడుతూ, చెట్ల వరసల మధ్య నీళ్ళు పారే బోదెను చూసి, “ఇదేంటండీ, ఈ గట్లు ఇంత ఎర్రగా ఉన్నాయి?” అని అడిగాడు. అంతే. మోటారు షెడ్డు అరుగు మీద కూర్చున్న సూర్యప్రకాశంగారి ముఖం కరెంటొచ్చిన ఇల్లులా వెలిగింది.

“అడిగేశారా?” అంటూ వంటింటి కిటికీలోంచి ఆయన భార్య బాలాత్రిపురసుందరిగారి గొంతు వినిపించింది. “అయ్యో బాబూ! కందని గురించి అడిగుంటే ఈపాటికి దుంపలు బస్తాలో వేసుకుని వెళ్ళిపోయేవారు కదా. ఇంక కూర్చోండి, మజ్జిగ తెస్తాను.”

“నువ్వు ఉండు సుందరీ. ఆయనకి మొదట్నించీ చెబుతున్నాను.”

“మొదలంటే ఎక్కణ్ణించండీ? మీ బారసాల నించా?”

సూర్యప్రకాశంగారు ఇంచుమించు అక్కణ్ణించే మొదలుపెట్టారు. ఎందుకంటే ఈ కథకి మూలం ఆయన పేరు. తాతగారు ఏరికోరి పెట్టిన పేరది. అంత పెద్ద పేరూ ఎవరికీ ఉపయోగపడలేదన్నది ఆయన బాధ.

ఆయన పొన్నలంక హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, మెళ్ళో విజిల్. చుట్టుపక్కల లంకల్లో ఇవాళ నడుము నిటారుగా పెట్టి నడుస్తున్న మనిషి ఎవడైనా ఉన్నాడంటే అది ఆయన చలవేనని ఆయన నమ్మకం. రిటైరైనా తెల్లబట్టలు వదల్లేదు, విజిలూ వదల్లేదు. కాఫీకి ఒక ఊత, స్నానానికి నీళ్ళు తోడమని రెండు. బాలాత్రిపురసుందరిగారు పెళ్ళయిన కొత్తలోనే ఆ చప్పుడు చెవిన పడకుండా బతకడం నేర్చుకున్నారు. కాబట్టి ఆయన విజిల్ ఊది, తనే లేచి వెళ్ళి, తన కాఫీ తనే కలుపుకొస్తారు.

ఇంతమందికి నడక నేర్పినా ఊళ్ళో ఆయన పేరు ఒక్కరికీ తెలియదు. అందరికీ డ్రిల్లు మాస్టారే. ఒకసారి కాకినాడ నుంచి కొరియర్ కుర్రాడు వచ్చి “సూర్యప్రకాశంగారిల్లెక్కడండీ?” అని సెంటర్‌లో అడిగితే, ఆ పేరుగలవాళ్ళు ఈ ఊళ్ళో లేరని అక్కడున్న వాళ్ళందరూ కలిసి నమ్మకంగా చెప్పి పంపించేశారు. అలా చెప్పినవాళ్ళలో మాస్టారి పక్కింటి పల్లంరాజు కూడా ఉన్నాడు.

“ఆయ్, నిజమేనండీ, నేనే చెప్పాను,” అన్నాడు పల్లంరాజు, గట్టు మీద వల ఆరేస్తూ. వాళ్ళ దొడ్డికీ ఈ తోటకీ మధ్య అడ్డంగా ఒక కొబ్బరిమట్టల దడి మాత్రమే ఉంది కనుక, ఈ ఇంట్లో ఏ మాట పుట్టినా అతనికి వాటా ఉంటుంది. “మాస్టారికి పేరుంటదని నాకేం తెలుసండీ?”

“విన్నారా! మనిషన్నాక పేరుండదా? వీడికి మాత్రం ఉందండీ. పేరు కాదు, ఏకంగా బస్సు స్టాపే ఉంది.”

అది వాస్తవం. కొన్నేళ్ళ కిందట పల్లంరాజు చేపల గంపతో సహా మోపెడ్ మీంచి రోడ్డు గోతిలో పడ్డాడు. ఆ గోతిని ఊరు ‘పల్లంరాజు గొయ్యి’ అంది. తర్వాత రోడ్డు వేశారు, గొయ్యి పూడిపోయింది, పేరు మాత్రం పూడలేదు. “గొయ్యి వాళ్ళు దిగండమ్మా” అని కండక్టర్ ఇప్పటికీ కేకేస్తాడు. హైస్కూలు ప్రహరీ మీద ఒకరి పేరు, మంచినీళ్ళ ట్యాంకు మీద ఒకరిది, చలివేంద్రంలో కుండ మీద కూడా ఎవరి తల్లిగారిదో పేరు. పడిపోయినవాడి పేరు నిలిచింది. నిలబడడం నేర్పినవాడికి కుండంత చోటు కూడా దొరకలేదు. సూర్యప్రకాశంగారికి నిద్రపట్టని విషయం జీవితంలో ఏదైనా ఉందంటే అదొక్కటే.

ఇలాంటి మనిషికి ఓ పొద్దున్న, తోటలో పళ్ళు తోముకుంటుంటే, బోదెలో నీళ్ళ మీద రంగులు కనిపించాయి.

కదలని నీళ్ళు. వాటి మీద పలచగా, నెమలిపింఛం నీడ పడ్డట్టు నీలం, ఊదా, బంగారపు రంగు తెట్టు. పెట్రోలు బంకులో వాన వెలిశాక నేల మీద కనిపిస్తుందే, అచ్చం అలాగే. తెట్టు కింద బోదె అడుగున చిక్కటి నారింజరంగు మడ్డి. వేరే ఊళ్ళో మనిషైతే ‘ఎవడు డీజిల్ ఒలకబోశాడు?’ అని తిట్టుకుని వెళ్ళిపోయేవాడు. కోనసీమలో మనిషి అలా అనుకోడు. ఇక్కడ వరిచేల మధ్య రిగ్గులు లేస్తాయి, కొబ్బరితోటల వెనక గ్యాసు మంటలు కనిపిస్తాయి. బావి తవ్వితే నీళ్ళకంటే ముందు ఇంకేమన్నా పడుతుందేమోనని ఆశపడడం ఇక్కడి గాలిలోనే ఉంది. పైగా చమురు కంపెనీ వాళ్ళు తవ్విన ప్రతి బావికీ ఓ పేరు పెట్టి నంబరేస్తారని ఆయనకి తెలుసు.

సూర్యప్రకాశంగారు నోట్లో బ్రష్షు ఉండగానే విజిల్ ఊదారు. అది ఎలా సాధ్యమైందో ఇప్పటికీ ఆయనకే తెలియదు.

“‘సూర్యప్రకాశం ఒకటి’ అనుకున్నానండీ వెంటనే. తర్వాత ‘సూర్యప్రకాశం రెండు’ పల్లంరాజు దొడ్లో పడుతుంది. అది వాడి దొడ్డే గానీ పేరు నాదే ఉంటుంది. ఆ ఒక్క ముక్కకే నాకు కడుపు నిండిపోయింది.”

“అందుకే ఆ పూట టిఫిన్ మానేశారు,” అంటూ మజ్జిగ గ్లాసు పట్టుకుని బయటికొచ్చారు బాలాత్రిపురసుందరిగారు. “మానేసి ఊరుకుంటే బాగుండును. పొయ్యి వెలిగించొద్దన్నారు! చమురున్నచోట గ్యాసుంటుందిట, అగ్గిపుల్ల గీస్తే తోటంతా లేచిపోతుందిట. అటుకులే తిన్నాం బాబూ. పొద్దున్న అటుకులు, మధ్యాహ్నం అటుకులు, రాత్రి మార్పుగా ఉంటుందని నానబెట్టిన అటుకులు. ఆఖరికి నేను పప్పు గిన్నె చంకన పెట్టుకుని సత్యవాణి వాళ్ళింటికెళ్ళి ఉడకబెట్టుకొచ్చాను.”

సత్యవాణి అంటే పల్లంరాజు భార్య. దడి మీంచి తల పెట్టి, “చేపల కూర పొయ్యి మీద పప్పు వండుకోనని అమ్మగారు కొత్త పొయ్యి పెట్టించారండీ నాచేత,” అని నవ్వింది.

ఊరంతా బోదె దగ్గరికి చేరింది. మాస్టారు అందరినీ ఎత్తుల వరసన నిలబెట్టారు. పొట్టివాళ్ళు ముందు, పొడుగువాళ్ళు వెనక. చేతులు చాచి దూరం కొలుచుకోవాలి. విజిల్ ఊదితే ఒక వరస ముందుకొచ్చి చూడాలి, ఇంకో ఊతకి ఎడమవైపు తిరిగి వెళ్ళిపోవాలి. ముట్టుకోకూడదు, పుల్ల పెట్టకూడదు, తుమ్మకూడదు. సత్యవాణి బాతులు అటు రాకుండా ఆయనే కాపలా కాశారు. రామాలయం కమిటీ పెద్ద గణేష్‌బాబు బోదెకి కొబ్బరికాయ కొడతానంటే, టెంక ముక్కలు తెట్టు మీద పడతాయని దూరంగా మోటారుకి కొట్టించారు.

చమురు కంపెనీకి ఫోన్ చేస్తే ఎవరో అమ్మాయి మర్యాదగా అన్నీ విని, ఏ ఊరని అడిగింది.

“ఊరితో పనేంటమ్మా? చూసింది ఊరు కాదు, నేను. నా పేరు రాసుకో.”

“బావులకి ఊరి పేరే పెడతారండీ.”

“ఊరేం చేసింది? పడుకుంది. లేచి పళ్ళు తోముకున్నది నేను!”

ఆ అమ్మాయి నవ్వు ఆపుకోవడం ఆయనకి వినిపించింది గానీ, అది సిగ్నల్ సరిగా లేకపోవడం అనుకున్నారు. వాళ్ళ తీరు చూస్తే పేరు చేజారేలా ఉంది. ముందుగా చదువుకున్నవాళ్ళెవరైనా వచ్చి, ఇది చమురే, చూసింది ఫలానా ఆయనే అని నలుగురి ముందూ చెబితే ఇంక ఊరి పేరు ఎవరు పెట్టగలరు? బాలాత్రిపురసుందరిగారి అక్క కూతురు హైమ రాజమండ్రిలో కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది. ఆ అమ్మాయికి కబురు పెట్టారు.

ఆమె వచ్చేలోగా ఇంకో గొడవ జరిగింది. బోదె గట్టు మీద కాపలా కాస్తూ కునుకు పట్టి, మాస్టారు తెట్టు లేని పక్కకి జారి మడ్డిలో కూర్చుండిపోయారు. తెల్ల ప్యాంటు నడుము దాకా నారింజరంగైంది. పక్కనే బోరు నీళ్ళలో జాడిస్తే మరకలు పైకి పాకాయి. చొక్కాతో తుడిస్తే దానికీ అంటాయి. భార్యకి తెలియకుండా రెండిటినీ బ్లీచింగు నీళ్ళలో ముంచారు. పొద్దున్నకి తెల్లబడతాయనుకుంటే, మొత్తం జతంతా ఒకే తీరున, ఎక్కడా మచ్చ లేకుండా, కమ్మటి కావిరంగుకి తిరిగింది. మిగతా జతలు తడిగా ఉన్నాయి. హైమ వచ్చే వేళైంది. అదే వేసుకుని సెంటర్‌కి ఎదురెళ్ళారు.

టీ తాగుతున్న పాత శిష్యుడు వీరబాబు గ్లాసు కింద పెట్టి గబగబా లేచి దణ్ణం పెట్టాడు. “ఎప్పుడు పుచ్చుకున్నారండీ?”

“ఏం పుచ్చుకోవడం?”

“అదేనండీ, ఆశ్రమం. మరి అమ్మగారు ఒప్పుకున్నారా?”

మాస్టారు ఇల్లు చేరేసరికి ఆయన సన్యాసం వార్త ఆయనకంటే ముందే ఇల్లు చేరింది. గణేష్‌బాబు భార్య అప్పటికే వచ్చి బాలాత్రిపురసుందరిగారి చెయ్యి పట్టుకుని ఓదారుస్తోంది. ఆవిడ కళ్ళు తుడుచుకుంటున్నారు.

“ఏడుస్తున్నావా సుందరీ?” అని మాస్టారు కంగారుపడ్డారు.

“నవ్వండీ! నవ్వాగక నీళ్ళొస్తున్నాయి. సన్యాసం పుచ్చుకోండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ ప్యాంటుతో పుచ్చుకున్నవాళ్ళని నేనెక్కడా చూళ్ళేదు!”

వెనకాలే వచ్చిన హైమ ఆ ప్యాంటు వైపు ఓసారి, బోదె వైపు ఓసారి చూసింది. గట్టు మీద పడున్న ఎండుపుల్ల తీసుకుంది.

“పుల్ల వద్దే! కళ్ళతో చూడు!”

“ఒక్కసారి బాబాయ్.”

అప్పటికి ఊరు మళ్ళీ ఎత్తుల వరసన నిలబడి ఉంది. హైమ వంగి తెట్టుని మెల్లగా పొడిచింది. అది అప్పడం విరిగినట్టు విరిగింది. పదునైన అంచులున్న పెంకుల్లా ముక్కలు విడివిడిగా తేలాయి. ముక్కలు మళ్ళీ కలవలేదు. ఎక్కడివక్కడే, మధ్యలో నల్లటి నీళ్ళు కనిపిస్తూ ఉండిపోయాయి.

“నూనైతే పుల్ల తీసిన వెంటనే మూసుకుంటుంది బాబాయ్. ఇది నూనె కాదు. తుప్పు.”

“మేకు లేదు, రేకు లేదు. బోదెలో తుప్పేంటే?”

“ఇనుము మేకులోనే ఉంటుందా? మన మట్టినిండా ఉంది. గోదారికి ఎర్రనీళ్ళొస్తాయే, ఆ ఎరుపేంటనుకున్నావ్? పైనించి కొట్టుకొచ్చే మట్టిలో తుప్పే. ఆ మట్టే ఇక్కడ మేట వేసింది. నీళ్ళు నిలిచిన నేల అడుగున గాలుండదు కదా, గాలి లేనిచోట ఆ ఇనుము మెల్లగా నీళ్ళలో కరిగిపోతుంది. రంగుండదు, కంటికి కనపడదు. ఆ నీళ్ళు ఊరుతూ ఊరుతూ బోదెలోకొచ్చి గాలి తగలగానే మళ్ళీ తుప్పవుతుంది. పైన తేలింది తెట్టు, కింద దిగింది మడ్డి. ఈ పని చేసుకు బతికే సూక్ష్మజీవులు కూడా ఉంటాయి.”

“తుప్పు తింటాయా?”

“తినవు. ఇనుముని తుప్పు పట్టిస్తాయి. పట్టించినందుకు వాటికి కూలి గిట్టుతుంది, దాంతో బతుకుతాయి.”

“మరి ఈ రంగులో?”

“పొర మరీ పలచన కదా, అందుకు. సబ్బు బుడగకి ఉండవూ?”

“నా ప్యాంటు?”

“కరిగిన ఇనుము గుడ్డలోకి ఇంకింది. గాలి నిదానంగా చేసే పనిని బ్లీచింగు ఒక్క రాత్రిలో చేసి పెట్టింది, అంతే. నిమ్మకాయ, ఉప్పు పట్టించి ఎండలో వేస్తే వదులుతుంది. పులుపుకి కరుగుతుంది.”

సూర్యప్రకాశంగారు అంత తేలిగ్గా లొంగలేదు. పల్లంరాజు పడవ ఇంజన్లోంచి కాస్త డీజిల్ తెప్పించారు. పళ్ళెంలో నీళ్ళు పోసి, డీజిల్ చుక్క వేసి, తన వేలితో తనే పొడిచారు. రంగులు వేలి చుట్టూ జరిగి, వేలు తీయగానే ఏమీ జరగనట్టు మూసుకున్నాయి. మళ్ళీ పొడిచారు. మళ్ళీ మూసుకున్నాయి. అక్కణ్ణించి లేచి బోదె దగ్గరికెళ్ళి మిగిలిన తెట్టుని పొడిచారు. అప్పడం.

ఆయన విజిల్ నోట్లో పెట్టుకున్నారు. వరసలు చెదిరిపొమ్మని ఊదాలి. గాలి మాత్రం వచ్చింది, చప్పుడు రాలేదు.

ఆ తర్వాత మాస్టారు గడప దాటలేదు. విజిల్ తీసి మేకుకి తగిలించారు. సెంటర్‌లో “ఏం మాస్టారూ, ట్యాంకు నింపుతారా?” అని అడిగినవాళ్ళని తట్టుకోవడం ఒక ఎత్తు. సన్యాసం వార్త నమ్మి ఇంకా కాళ్ళకి దణ్ణం పెట్టేవాళ్ళని తట్టుకోవడం ఇంకో ఎత్తు. తోట వైపు వెళ్ళేవాళ్ళు అప్పుడే ఆ బోదెకి పేరు కూడా పెట్టేశారు: ‘డ్రిల్లు మాస్టారి బంకు.’ ఇన్నాళ్ళకి ఊళ్ళో ఒకదానికి ఆయన వల్ల పేరొచ్చింది. అందులోనూ ఆయన పేరు లేదు.

“ఆ మాటే అన్నారండీ నాతో,” అన్నారు బాలాత్రిపురసుందరిగారు. ఆవిడ గొంతు ఒక్క క్షణం తగ్గింది. “‘చూడు సుందరీ, వెక్కిరించడానికి కూడా వీళ్ళకి నా పేరు గుర్తురాలేదు’ అని. ఆ పూట నాకు నవ్వు రాలేదు బాబూ. విజిల్ తీసుకొచ్చి మంచం మీద పెట్టాను, ఊదండి, కాఫీ నేనే కలిపి తెస్తానన్నాను. ఊదలేదు.”

మాస్టారు బోదె వైపు చూస్తూ కూర్చున్నారు, ఆ మాటలు ఎవరినో అంటున్నట్టు.

ఆ రోజుల్లో తోటలో ఆవిడ వేసిన కంద ఎండిపోతోంది. చమురు కోసం కట్టేసిన బోదెను ఇంక విప్పక తప్పదు. మడ్డి తోడించి బయట పోయించారు. కళ్ళబడకుండా పారేయమని మాస్టారు లోపల్నించి అరిస్తే, కొబ్బరి డొక్కలు కాల్చే కుప్ప పక్కన పోయించారు. అది ఎండి, పసుప్పచ్చటి పొడిలా తయారైంది. తర్వాత డొక్కలకి మంట పెట్టారు. మంటకి దగ్గరగా ఉన్న పొడి, మంట ఆరేసరికి పసుపు కాదు. ముత్తైదువ నుదుటి బొట్టులాంటి ఎరుపు.

దొడ్లోకి వెళ్తూ మాస్టారు దాన్ని చూసి ఆగిపోయారు. వేలికి రాసుకున్నారు. గోడకి రాశారు. తుడిచారు, పోలేదు. హైమకి ఫోన్ చేశారు.

“కాలిస్తే అందులో తేమ పోయి ఎర్రబడింది బాబాయ్. కాల్చకపోతే పసుపు, కాలిస్తే ఎరుపు. రెండూ తుప్పే. ఇంటి గోడలకి వేసే జేగురు, కావి అన్నీ ఇదే కుటుంబం.”

“వానకి కారిపోతుందా?”

“తుప్పు పట్టడానికి అందులో ఇంకేం మిగిలిందని? ఎండా వానా చేయగలిగిందంతా ముందే అయిపోయింది దానికి. గోడని పట్టుకునేలా జిగురు మాత్రం బాగా కలుపు.”

సరిగ్గా అప్పుడే రామాలయం గోడకి కష్టమొచ్చింది. కల్యాణానికని గణేష్‌బాబు కొట్లోంచి తెచ్చి వేయించిన ఎర్ర చారలు ఒక్క జల్లుకి కారి, తెల్ల సున్నం మీద పడి, గుడి గోడంతా గులాబీరంగైంది. శ్రీరాముడి గుడిలా లేదు, ఐస్‌క్రీమ్ బండిలా ఉంది. మళ్ళీ తెప్పించే వ్యవధి లేదు. మాస్టారు విజిల్ మెళ్ళో వేసుకుని కమిటీ ముందుకెళ్ళి, “ఎరుపు నేనిస్తాను,” అన్నారు.

ఎవరో కిసుక్కుమన్నారు. గణేష్‌బాబు మాత్రం గుడి గోడ వైపు చూసి నవ్వలేదు.

పెనాల మీద, బొచ్చెల్లో, ఆఖరికి బాలాత్రిపురసుందరిగారి దోసెల పెనం మీద కూడా మడ్డి వేయించారు. ఉత్సాహం పట్టలేక ఉన్నదంతా, చివరి చెంచా దాకా వేయించేశారు. నూరారు, జల్లించారు, తుమ్మజిగురు కలిపారు. గోడకి మళ్ళీ సున్నం కొట్టించి, తనే దగ్గరుండి చారలు వేయించారు. పెయింటర్ బుల్లియ్య చెయ్యి విజిల్‌కి పైకి, విజిల్‌కి కిందకి కదిలింది. ఆ సాయంత్రమే వాన పట్టుకుంది. ఊరు గొడుగులేసుకుని గుడి ముందు నిలబడింది, రంగు కారుతుందా లేదా అని. మాస్టారు గొడుగు కూడా లేకుండా గోడకి ముఖం ఆనించినంత దగ్గరగా నిలబడ్డారు. నీళ్ళు కారాయి. తెల్లగా కారాయి. ఎరుపు ఉన్నచోటనే ఉంది.

“ఆయ్! మాస్టారు గెలిచారండోయ్!” అని మొదట అరిచింది పల్లంరాజేనని ఆయన ఒప్పుకుంటారు. బలవంతంగా ఒప్పుకుంటారు.

“మరప్పుడు పేరు వేయించారా?” అని మణిశంకర్ అడిగాడు. గ్లాసులో మజ్జిగ ఎప్పుడో అయిపోయింది, ఖాళీ గ్లాసునే రెండుసార్లు ఎత్తి తాగాడు.

“వేయించారండీ!” బాలాత్రిపురసుందరిగారు చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. “మీరే చెప్పండి వీరికి.”

మాస్టారు గొంతు సవరించుకున్నారు. కమిటీ ఏకగ్రీవంగా ఒప్పుకుంది. డ్రిల్లు మాస్టారు అని కాదు, ఇంటిపేరుతో సహా పూర్తి పేరు వేయాలని ఆయన పట్టుబట్టారు. దానికీ ఒప్పుకున్నారు. అయితే గుడి గోడ మీద తెల్ల చారలో ఎవరి పేరూ రాయకూడదని గణేష్‌బాబు తండ్రి నాటి నుంచీ కట్టుబాటు. కాబట్టి ఎర్ర చారలో రాయాలి. బుల్లియ్య దగ్గర ఆ పూట మిగిలింది ఒకటే రంగు. చెప్పినట్టు వినే మనిషి. పేరంతా, ఒక్క అక్షరం తప్పు లేకుండా, ఎరుపు చార మీద ఎరుపుతో రాశాడు.

“కనపడదండీ,” అన్నాడు పల్లంరాజు, ఆనందంగా.

“ఎందుక్కనపడదురా? దగ్గరికెళ్ళి తడిమితే తెలుస్తుంది. రంగు అక్కడ మందంగా ఉంటుంది. పొద్దున్న ఎండ ఏటవాలుగా పడేటప్పుడు ‘సూ’ వరకూ బాగానే కనపడుతోంది.” ఆయన మణిశంకర్ వైపు తిరిగారు. “నేను రోజూ వెళ్ళి చూస్తున్నానండీ. వీరబాబు కూడా నిన్న ‘సూ’ చదివాడు. దీనికి ఒకటే దారి. అక్షరాల చుట్టూ పసుపురంగు గీత లాగాలి. పసుపంటే కాల్చని మడ్డి. నా దగ్గరున్నదంతా కాల్చి కూర్చున్నాను. ఇంకా ఊరుతుందేమో చూద్దామంటే, ఈవిడ కంద కోసం బోదెలో నీళ్ళు పారిస్తూనే ఉంది. పారే నీళ్ళలో తెట్టెక్కడ కడుతుంది?”

“కంద ఎండిపోతే ఈయనకేం పెట్టాలండీ? మళ్ళీ అటుకులా?”

“చూశారా, ఇదీ నా పరిస్థితి.” మాస్టారు లేచి షెడ్డులోకి వెళ్ళారు. లోపల ఏవో దొర్లిన చప్పుడైంది. మూతున్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి చేత్తో పట్టుకుని వచ్చారు. దాన్ని తన కండువాతో లోపలా బయటా తుడిచి, మణిశంకర్ స్కూటరు ముందు కంద దుంపల బస్తా పెట్టుకోవాల్సిన చోట జాగ్రత్తగా నిలబెట్టారు.

“మీ తోటలో కూడా బోదెలుంటాయి కదండీ. నీళ్ళు కదలని మూల ఏదో ఒకటి ఉండే ఉంటుంది. పొద్దున్నే వెళ్ళి చూడండి. రంగులు కనపడితే ఎవర్నీ పిలవకండి, ముందు పుల్లతో పొడవండి. విరిగిందా, మనదే. పైన తెట్టు వదిలేసి కింద మడ్డి డబ్బానిండా తోడి తీసుకురండి. కాల్చొద్దు. దయచేసి కాల్చొద్దు. మీ ఆవిణ్ణి కూడా ఆ మడ్డి కాల్చనివ్వకండి.”